అబుసువా, పార్లమెంటు, వీలునామా: ఘనా నాయకుడు జో అప్పియా జీవితంలో కుటుంబం అనే ప్రశ్న

వ్యాససంగ్రహం:
ఘనా న్యాయవాది, పార్లమెంటు సభ్యుడు జో అప్పియా (1918–1990) పేరు చరిత్ర గ్రంథాలలో సాధారణంగా రెండు సందర్భాలలో కనిపిస్తుంది. ఒకటి, బ్రిటిష్ మంత్రి సర్ స్టాఫర్డ్ క్రిప్స్ కుమార్తెతో 1953లో జరిగిన వివాహం. రెండు, క్వామే ఎన్‌క్రూమాతో స్నేహం, ఆ తరువాతి వైరం. మాతృవంశ వ్యవస్థ గల అసాంటే సమాజంలో పుట్టిన వ్యక్తికి ‘కుటుంబం’ అంటే ఎవరు అన్న ప్రశ్న ఈ రెంటికీ కింద ఉంది. అతని రాజకీయ జీవితాన్నీ, కుటుంబ జీవితాన్నీ విడదీయకుండా చదివి, ఆ ప్రశ్న అతని అంత్యక్రియల వివాదంలో ఎలా బయటపడిందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఘనా, అసాంటే, మాతృవంశం, అబుసువా, ఎన్‌క్రూమా, క్రిప్స్, నిర్బంధ చట్టం, వారసత్వం.

1. ఉపోద్ఘాతం

1990 జూలై 8న ఆక్రాలోని ఒక ఆసుపత్రిలో జో అప్పియా మరణించాడు. స్వస్థలమైన కుమాసిలో అంత్యక్రియల ఏర్పాట్లు మొదలయ్యే సమయానికి ఒక పత్రం బయటికి వచ్చింది. అది అతని వీలునామాకు చేర్చిన అనుబంధం. తన అంత్యక్రియలు భార్య ఆధ్వర్యంలో, తాను సభ్యుడిగా ఉన్న మెథడిస్టు చర్చి ద్వారా జరగాలనీ, మాతృవంశపు బంధువులకు వాటిపై అధికారం ఉండకూడదనీ అతడు అందులో కోరాడు.

బయటివారికి ఇది విడ్డూరంగా కనిపించదు. భర్త అంత్యక్రియలు భార్యా పిల్లలు జరిపించటంలో వింత ఏముంది? కాని అసాంటే సంప్రదాయంలో భార్యాపిల్లలు మృతుని ‘కుటుంబం’ కారు. కుటుంబం అంటే అతని తల్లి వైపు వంశం. మృతదేహం ఆ వంశానిది. పైగా ఈ పత్రం రాసిన వ్యక్తి సామాన్య సభ్యుడు కాడు, ఆ వంశానికి పెద్ద. జీవితకాలంలో ఎందరి అంత్యక్రియలలోనో వంశం తరఫున ముందు నిలిచిన మనిషి, తన విషయంలో మాత్రం ఆ హక్కును వంశానికి నిరాకరించాడు.

ఈ నిర్ణయాన్ని వృద్ధాప్యంలో కలిగిన అలకగా కొట్టిపారేయవచ్చు. బంధువులతో, ముఖ్యంగా సోదరి పక్షంతో, వచ్చిన విభేదాలు దానికి తక్షణ కారణమన్నది నిజమే. అయినా అంతకుముందు మూడున్నర దశాబ్దాల చరిత్ర తెలియకపోతే ఆ పత్రం బరువు తెలియదు.

2. అబుసువా అంటే కుటుంబమేనా?

అసాంటేలు అకాన్ భాషా సమూహంలో ప్రధానమైన ప్రజలు. వారి మాటలలో ‘అబుసువా’ను తెలుగులో కుటుంబం అనటం సౌకర్యమే గాని సరికాదు. వంశం అన్నా పూర్తిగా కుదరదు, ఎందుకంటే తెలుగువారి మనసులో వంశం తండ్రి నుంచి కొడుక్కు దిగుతుంది. అకాన్ భావనలో మనిషికి రక్తం తల్లి నుంచి వస్తుంది, ఆత్మశక్తి తండ్రి నుంచి వస్తుంది. రక్తం ఏ అబుసువాలో చేరాలో నిర్ణయిస్తుంది. తల్లి, తల్లి తల్లి, ఆమె సంతానం, ఆ కూతుళ్ళ సంతానం, వీరే ఒక అబుసువా. మగవాని పిల్లలు అతని అబుసువాలోకి రారు, వారి తల్లి అబుసువాలో చేరతారు. కాబట్టి మగవాని ఆస్తికీ పదవికీ సహజ వారసుడు కొడుకు కాదు, మేనల్లుడు. మేనమామను వారు ‘వోఫా’ అంటారు. తెలుగు ఇళ్ళలో మేనమామకు పెళ్ళి పీటల దగ్గర దక్కే గౌరవం ఎంతో, అసాంటే ఇంటిలో వోఫాకు ఆస్తి, అధికారం, బాధ్యతల విషయంలో దక్కే స్థానం అంతకు ఎన్నో రెట్లు.

దక్షిణ భారతదేశపు పండితులకు ఇది పూర్తిగా కొత్తది కాదు. కేరళలోని మరుమక్కత్తాయం, దక్షిణ కన్నడంలోని అళియసంతానం ఇటువంటి వ్యవస్థలే. తెలుగు జిల్లాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులలోనే అదే ప్రభుత్వం 1930లలో మరుమక్కత్తాయం చట్టం చేసి, నాయర్ పురుషుని స్వార్జితంలో భార్యాపిల్లలకు హక్కు కల్పించే దారి తెరిచింది. ఘనాలో ఆ దారి అరశతాబ్దం తరువాత గాని తెరుచుకోలేదు.

అసాంటే తండ్రికి పాత్రే లేదని దీని అర్థం కాదు. బిడ్డకు పేరు పెట్టే హక్కు తండ్రిది. చదివించటం, నడవడి నేర్పటం అతని బాధ్యత. అంటే బిడ్డ తండ్రి పేరును మోస్తాడు గాని తండ్రి వంశంలో ఉండడు. పేరుకూ వంశానికీ మధ్యనున్న ఈ ఎడం అప్పియా పిల్లల విషయంలో ఎంత పెద్దదైందో తరువాత చూడవచ్చు.

3. కుమాసి నుంచి లండన్‌కు

జోసెఫ్ ఎమ్మాన్యుయెల్ అప్పియా 1918 నవంబరు 16న కుమాసిలో జన్మించాడు. తండ్రి జేమ్స్ అప్పియా ఉపాధ్యాయుడు, మెథడిస్టు సంఘంలో ప్రముఖుడు, తరువాత అసాంటే రాజ్యమండలికి ముఖ్య కార్యదర్శి. తల్లి అద్వోవా అచియా. జో వంశం ఈ తల్లి వైపుది. పద్దెనిమిదవ శతాబ్దపు యోధుడు ఆక్రోమా–ఆంపిమ్ పేరుతో గుర్తింపు పొందిన ఉన్నత వంశమది.

అతని బాల్యం నాటికి అసాంటే రాజ్యం స్వతంత్రం కాదు. రాజు మొదటి ప్రెంపేను బ్రిటిష్‌వారు 1896లో బంధించి, తరువాత సేషెల్స్ దీవులకు పంపారు. 1902లో రాజ్యాన్ని అధికారికంగా కలుపుకున్నారు. ప్రెంపే తిరిగి వచ్చింది 1924లో. అసాంటే రాజ్యమండలిని బ్రిటిష్ ప్రభుత్వం 1935లో పునరుద్ధరించింది. ఓడిన రాజ్యపు ప్రతిష్ఠ తిరిగి నిలబడుతున్న వాతావరణంలో, ఆ పనిలోనే ఉన్న తండ్రి ఇంట్లో, జో పెరిగాడు. ఈ సంగతిని మరిచిపోతే అతని తరువాతి రాజకీయాలు వట్టి వ్యక్తిగత వైరంగా కనిపిస్తాయి.

కేప్ కోస్ట్‌లోని ప్రసిద్ధ మెథడిస్టు పాఠశాల మ్ఫాంట్సిపిమ్‌లో చదివి, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ చేరి, మిడిల్ టెంపుల్‌లో న్యాయశాస్త్రం అభ్యసించాడు. లండన్‌లో 1925 నుంచి ఉన్న పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘం అతని రాజకీయ పాఠశాల అయింది. ఆ సంఘానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు. 1945 అక్టోబరులో మాంచెస్టర్‌లో జరిగిన అఖిలాఫ్రికా మహాసభకు హాజరైన యువకులలో అతడొకడు. ఎన్‌క్రూమా, కెన్యా నాయకుడు కెన్యాట్టా, ట్రినిడాడ్ నుంచి వచ్చిన రచయిత జార్జ్ పాడ్మోర్ ఆ సభకు ప్రాణం. ఎన్‌క్రూమాతో స్నేహం ఎంత గాఢమైనదంటే, అతడు 1951 ఎన్నికలలో గెలిచి గోల్డ్ కోస్ట్ ప్రభుత్వానికి నాయకుడయ్యాక లండన్‌లో అతని వ్యక్తిగత ప్రతినిధిగా అప్పియాయే వ్యవహరించాడు.

4. క్రిప్స్ ఇంటి కోడరికం కాని కోడరికం

సర్ స్టాఫర్డ్ క్రిప్స్ పేరు భారతీయ పాఠకునికి 1942ను గుర్తుచేస్తుంది. ఆ సంవత్సరం మార్చిలో యుద్ధానంతర అధినివేశ ప్రతిపత్తి ప్రతిపాదనతో ఢిల్లీ వచ్చి, విఫలుడై తిరిగి వెళ్ళిన రాయబారం అతనిది. 1946 కేబినెట్ మిషన్‌లోనూ సభ్యుడు. 1947 నుంచి 1950 వరకు బ్రిటిష్ ఆర్థికమంత్రి. తండ్రి పార్మూర్ ప్రభువు రెండు లేబర్ ప్రభుత్వాలలో మంత్రి. తల్లి థెరిసా, సామ్యవాద రచయిత్రి బియాట్రిస్ వెబ్‌కు తోబుట్టువు. భార్య ఇసబెల్, ‘ఈనో’ పొడిని తయారుచేసి ధనవంతుడైన జేమ్స్ క్రాస్లీ ఈనో మనుమరాలు. సామ్యవాది ఇంటికి అండగా నిలిచింది అజీర్తి మందు సొమ్మన్నది చరిత్రలో ఒక చిన్న చమత్కారం.

వారి చిన్న కూతురు ఎనిడ్ మార్గరెట్, అందరికీ పెగ్గీ, 1921 మే 21న జన్మించింది. తండ్రి మాస్కోలో రాయబారిగా ఉన్న 1940–42 మధ్య ఆమె కూడా అక్కడ గడిపింది. యుద్ధకాలంలోనే ఇరాన్‌లో బ్రిటిష్ సైన్యం కోసం పనిచేసింది. యుద్ధం ముగిశాక లండన్‌లో జాతుల సామరస్యం కోసం ఏర్పడిన ఒక సంస్థలో చేరింది. అప్పియా పరిచయమైంది ఆ క్రమంలోనే.

ఆనాటి బ్రిటన్‌లో ఇటువంటి పెళ్ళికి ఉన్న అర్థం తెలియాలంటే సెరెట్సే ఖామా ఉదంతం చూడాలి. బెచువానాలాండ్‌లోని బమాంగ్వాటో ప్రజల రాచరికపు వారసుడైన ఖామా 1948లో లండన్ యువతి రూత్ విలియమ్స్‌ను పెళ్ళాడాడు. దక్షిణాఫ్రికా ఆగ్రహానికి జంకిన లేబర్ ప్రభుత్వం 1950లో అతనిని స్వదేశం నుంచి బహిష్కరించింది. ఆ మంత్రివర్గంలో ఆర్థికశాఖ క్రిప్స్‌ది. మూడేళ్ళకు అతని సొంత కూతురు అదే గీత దాటింది. దాన్ని చూడటానికి అతడు లేడు. 1952 ఏప్రిల్‌లోనే జ్యూరిచ్‌లో మరణించాడు.

తల్లి ఇసబెల్ ప్రవర్తన గమనింపదగ్గది. ఆమె వద్దనలేదు, తొందరపడనూ లేదు. కూతురు కాపురం చేయబోయే దేశాన్ని ముందు ఒంటరిగా చూసి రావాలని కోరింది. పెగ్గీ గోల్డ్ కోస్ట్ వెళ్ళి, కుమాసిలో అప్పియా బంధువులను కలిసి, మనసు మార్చుకోకుండా తిరిగి వచ్చింది. 1953లో లండన్‌లోని సెయింట్ జాన్స్ వుడ్ చర్చిలో వివాహం జరిగింది. తోడుపెళ్ళికొడుకుగా ఎన్‌క్రూమా ఉండాలని అప్పియా కోరుకున్నాడు. ఆ స్థానంలో చివరికి జార్జ్ పాడ్మోర్ నిలిచాడు. పత్రికలు ఈ పెళ్ళిని ఖండఖండాంతరాలకు మోశాయి. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ప్రభుత్వపు మంత్రి ఒకరు పార్లమెంటులోనే దీన్ని దూషించాడు.

కుటుంబ నిర్మాణం దృష్టితో చూస్తే ఈ వివాహంలో అసలు చిక్కు వర్ణం కాదు. పెగ్గీకి అబుసువా లేదు. ఆమెకు పుట్టే పిల్లలకు కూడా ఉండదు. ఇంగ్లీషు లెక్కలో ఆ పిల్లలు తండ్రి ఇంటివారు, అసాంటే లెక్కలో తల్లి ఇంటివారు. ప్రతి వ్యవస్థా రెండవ వైపుకు వేలు చూపిస్తుంది. మరొక అసాంటే స్త్రీని పెళ్ళాడి ఉంటే అప్పియా పిల్లలకు ఈ శూన్యం ఎదురయ్యేది కాదు.

5. కోకో, సమాఖ్య, పార్లమెంటు

1954 మేలో కుమారుడు క్వామే ఆంథొనీ లండన్‌లో పుట్టాడు. తరువాత ముగ్గురు కుమార్తెలు. కుమారునికి అప్పియా పెట్టిన పూర్తి పేరులో ఆక్రోమా–ఆంపిమ్ అనే వంశస్థాపకుని పేరు ఉంది. ‘ఆంథొనీ’ అన్నది కూడా ఇంగ్లీషు అభిరుచితో పెట్టింది కాదు. అప్పియాకు ముందు వంశపెద్దగా ఉన్న యావ్ ఆంథొనీ స్మరణ అది. వంశంలో చేర్చలేని కొడుకుకు వంశపు పేర్లన్నీ కట్టబెట్టాడన్నమాట. తండ్రికి చేతనైనంతలో చేసిన పని అది.

ఆ ఏడాది చివర కుటుంబం స్వదేశం చేరేసరికి కుమాసి మండుతోంది. 1954 ఆగస్టులో ఎన్‌క్రూమా ప్రభుత్వం రైతుకు చెల్లించే కోకో ధరను 60 పౌన్ల బస్తాకు 72 షిల్లింగులుగా కట్టడి చేసింది. అంతర్జాతీయ ధర దానికి చాలా ఎక్కువగా ఉంది. తేడా అభివృద్ధి పనులకని ప్రభుత్వం అన్నది. పంటలో దాదాపు సగం పండించే అసాంటే రైతు మాత్రం తన చెమటతో తీరపట్టణాలు వెలుగుతున్నాయని అనుకున్నాడు. సెప్టెంబరు 19న కుమాసిలో జాతీయ విమోచనోద్యమం పుట్టింది. దాని అధ్యక్షుడు బాఫువో ఒసెయి అకోటో, అసాంటే రాజుకు వాక్ప్రతినిధి, స్వయంగా కోకో రైతు. ధరల కోపం, రాచరికపు గౌరవం కలిసి సమాఖ్య రాజ్యాంగం అనే డిమాండుగా రూపుదిద్దుకున్నాయి.

1955 ఆరంభంలో అప్పియా ఎన్‌క్రూమా పార్టీని వీడి ఈ ఉద్యమంలో చేరాడు. అతనితో పాటు ఆర్.ఆర్. అంపోన్సా, విక్టర్ ఒవుసు కూడా చేరారు. ఎన్‌క్రూమా వర్గీయులు దీన్ని ద్రోహమన్నారు. అప్పియా తన వైపు నుంచి అవినీతినీ, ఏకవ్యక్తి పాలన ఛాయలనూ కారణంగా చూపాడు. రెండు మాటలలోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని రాజ్యమండలి కార్యదర్శి కొడుకు, అసాంటే ఉన్నతవంశపు మనిషి, కుమాసికి వచ్చి ఆ ఉద్యమానికి వెలుపల నిలబడగలగటమే ఆశ్చర్యమయ్యేది. పాడ్మోర్ మాత్రం ఎన్‌క్రూమా పక్షాననే ఉండి అతని ఆఫ్రికా వ్యవహారాల సలహాదారు అయ్యాడు. పెళ్ళినాటి స్నేహబృందం రెండేళ్ళలో రెండుగా చీలింది.

1956 జూలై ఎన్నికలలో 104 స్థానాలకు 71 గెలిచి ఎన్‌క్రూమా పార్టీ తన బలం నిరూపించుకుంది. 1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ ఘనాగా స్వతంత్రమైంది. స్వతంత్ర ఘనా తొలి పార్లమెంటులో అప్పియా అట్విమా–అమాన్సియే నియోజకవర్గ ప్రతినిధిగా ప్రతిపక్షంలో కూర్చున్నాడు. ప్రాంతం, తెగ, మతం ఆధారంగా నడిచే పార్టీలను నిషేధించే చట్టం ఆ ఏడాది డిసెంబరులోనే వచ్చింది. దానితో ప్రతిపక్షాలన్నీ కె.ఎ. బుసియా నాయకత్వంలో యునైటెడ్ పార్టీగా ఒక గొడుగు కిందికి చేరాయి. నిషేధానికి సిద్ధాంతపరమైన సమర్థన లేకపోలేదు. కొత్త దేశం తెగలుగా ముక్కలవుతుందన్న భయం నిజమైనదే. అయితే తరువాతి చట్టానికి అటువంటి సమర్థన దొరకదు. 1958 నాటి ముందస్తు నిర్బంధ చట్టం విచారణ లేకుండా ఐదేళ్ళ దాకా మనిషిని జైలులో ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది.

6. నిర్బంధం, ఆసుపత్రి మంచం

1961లో కఠినమైన బడ్జెట్‌కు నిరసనగా సెకోండి–టకోరాడి రైల్వే, ఓడరేవు కార్మికులు సమ్మె చేశారు. దాని వెనుక ప్రతిపక్షం ఉందంటూ ఆ అక్టోబరులో పలువురు నాయకులను ప్రభుత్వం నిర్బంధించింది. వృద్ధ నాయకుడు జె.బి. డాంక్వా, జో అప్పియా వారిలో ఉన్నారు. పార్లమెంటు సభ్యత్వం రక్షణ కాలేదు.

నవంబరులో రెండవ ఎలిజబెత్ రాణి ఘనా పర్యటనకు వచ్చింది. ఏడేళ్ళ ఆంథొనీ అప్పటికి తీవ్రమైన అనారోగ్యంతో కుమాసి ఆసుపత్రిలో ఉన్నాడు. రాణి, ఆమె భర్త ఎడిన్‌బరో డ్యూక్, అధ్యక్షుడు ఎన్‌క్రూమా ఆ ఆసుపత్రిని చూడటానికి వచ్చారు. డ్యూక్ గతంలో కుమాసి వచ్చినప్పుడు పెగ్గీని కలిసి ఉన్నాడు. వెళ్ళిపోతూ వెనుదిరిగి, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పమని పిల్లవాడితో అన్నాడు. తాను జైలులో పెట్టించిన మనిషి కొడుకు మంచం ముందు, విదేశీ అతిథుల సమక్షంలో నిలబడవలసి రావటం ఎన్‌క్రూమాకు కోపం తెప్పించింది. పిల్లవానికి వైద్యం చేస్తున్న డాక్టరును దేశం నుంచి పంపివేశారు. ఆంథొనీ పెద్దయ్యాక ఈ సంఘటనను పలుమార్లు చెప్పాడు. స్నేహితుని పెళ్ళిలో పక్కన నిలవవలసిన మనిషి, ఎనిమిదేళ్ళకు ఆ పెళ్ళి బిడ్డ మంచం పక్కన ఈ విధంగా నిలిచాడు.

ఆ కాలంలో పెగ్గీ చేసిన నిర్ణయం రాజకీయ చరిత్రలో పెద్దగా నమోదు కాలేదు. ఆమె గర్భవతి. చిన్న కూతురు 1962లో పుట్టింది. మాజీ బ్రిటిష్ మంత్రి కూతురిగా లండన్ వెళ్ళిపోవటం ఆమెకు కష్టం కాదు. జబ్బు చేసిన కొడుకును గ్లోస్టర్‌షైర్‌లోని అమ్మమ్మ దగ్గరికి పంపి, తాను కుమాసిలోనే ఉండిపోయింది. అబుసువా లేని స్త్రీ ఆ ఊరిలో ఎవరి మనిషి అన్న ప్రశ్నకు ఆచరణలో వచ్చిన మొదటి జవాబు బహుశా అదే.

1962 డిసెంబరులో అప్పియా విడుదలయ్యాడు. డాంక్వా అంతకు ముందే విడుదలై, 1964లో మళ్ళీ అరెస్టై, 1965 ఫిబ్రవరిలో న్సావమ్ జైలులో మరణించాడు.

7. సైనిక పాలనల నీడలో

1966 ఫిబ్రవరి 24న సైన్యం ఎన్‌క్రూమాను కూలదోసింది. ఆ చర్యకు కారణాలను పొరుగు దేశాలకూ, మిత్రదేశాలకూ వివరించే పని అప్పియాకు అప్పగించారు. 1969 ఎన్నికలలో బుసియాతో కలవక వేరుగా నిలిచిన అతని పక్షానికి అతి స్వల్ప స్థానాలే దక్కాయి. 140 స్థానాలలో బుసియా పార్టీ 105 గెలిచింది. ఆ ప్రభుత్వాన్ని 1972లో కర్నల్ అచెయాంపాంగ్ కూలదోశాక, ఆ సైనిక ప్రభుత్వానికి కూడా అప్పియా దౌత్య సేవలందించాడు. 1978లో అచెయాంపాంగ్ పతనంతో పాటే అతని ప్రజాజీవితం ముగిసింది.

విచారణ లేని నిర్బంధాన్ని స్వయంగా అనుభవించిన పార్లమెంటు వాది, ఎన్నికైన ప్రభుత్వాన్ని తుపాకితో దించినవారికి రాయబారిగా వెళ్ళటం అతని జీవితంలో సమాధానపడని భాగం. 1990లో వెలువడిన ఆత్మకథ శీర్షికలో అతడు తనను తాను ఆఫ్రికా దేశభక్తునిగా చెప్పుకున్నాడు. దేశానికి సేవ, ప్రభుత్వానికి సేవ ఒకటి కావన్న తేడా ఆ కాలపు చాలామంది ఘనా నాయకులకు చెరిగిపోయింది. అప్పియా అందుకు మినహాయింపు కాడు.

8. పెగ్గీ అప్పియా: కథలు, సామెతలు

ఆంగ్ల వనిత అన్న గుర్తింపుతో వచ్చిన పెగ్గీ కాలక్రమంలో అసాంటే మౌఖిక సాహిత్యానికి ముఖ్య సేకర్త అయింది. అనాన్సె అనే సాలీడు కథలను పిల్లల కోసం 1960లలో ఇంగ్లీషులోకి తెచ్చింది. అనాన్సె అసాంటేల జిత్తులమారి కథానాయకుడు. ఆ కథల మీద యాజమాన్యాన్ని ఆకాశదేవుని నుంచి తెలివితో గెలుచుకున్నవాడని ప్రతీతి. బంగారం తూచటానికి వాడిన ఇత్తడి తూకపురాళ్ళను ఆమె సేకరించింది. ఒక్కొక్క రాయి పక్షిగానో, మొసలిగానో, మనిషిగానో పోతపోసి ఉంటుంది. చాలా రాళ్ళకు ఒక సామెత తోడుగా ఉంటుంది. రాళ్ళను అర్థం చేసుకోబోయి ఆమె సామెతల దగ్గరికి వచ్చింది. దశాబ్దాల ఆ కృషి ఏడు వేలకు పైగా అకాన్ సామెతల సంకలనంగా కొడుకు సహకారంతో 2001లో వెలువడింది. మౌఖిక సాహిత్య పరిశోధకులకు ఆ ఇంటి వారసత్వంలో ఎక్కువ పనికివచ్చేది ఇదే కావచ్చు. 1970లలో ఆమె ఘనా పౌరసత్వం స్వీకరించింది.

కొడుకు క్వామే ఆంథొనీ అప్పియా కేంబ్రిడ్జ్‌లో తత్త్వశాస్త్రం చదివి, అమెరికా విశ్వవిద్యాలయాలలో ఆచార్యుడై, అస్తిత్వం, విశ్వపౌరత్వం గురించిన రచనలతో ప్రసిద్ధుడయ్యాడు. తమను తాము ప్రపంచ పౌరులుగా గుర్తుంచుకొమ్మని తండ్రి తన పిల్లలకు రాసి ఉంచిన చీటీని అతడు తన గ్రంథంలో ప్రస్తావించాడు. అసాంటే జాతీయవాదిగా ముద్రపడిన నాయకుడు పిల్లలకు మిగిల్చిన మాట అది. ఏ అబుసువాలోనూ చోటు లేని పిల్లలకు ఆ తండ్రి ఇవ్వగలిగిన అతి పెద్ద చిరునామా కూడా అదే.

9. మృతదేహం ఎవరిది?

ఇప్పుడు 1990కి తిరిగి రావచ్చు. ఘనాలో 1985లో వచ్చిన 111వ నంబరు వారసత్వ చట్టం, వీలునామా లేకుండా మరణించినవారి ఆస్తిలో భార్యకూ పిల్లలకూ పెద్ద వాటా ఇచ్చింది. ఇల్లు, గృహోపకరణాలు వారికే చెందుతాయి. మిగిలిన ఆస్తిలో పదహారింట తొమ్మిది వంతులు పిల్లలకు, మూడు వంతులు జీవిత భాగస్వామికి, ఎనిమిదింట ఒక వంతు తల్లిదండ్రులకు వెళ్తాయి. సంప్రదాయ న్యాయం ప్రకారం పంచవలసింది ఎనిమిదింట ఒక వంతే. ఒకనాడు సమస్తం దక్కిన అబుసువాకు ఇక మిగిలింది ఆ భాగం.

కాని ఆ చట్టం ఆస్తి గురించి మాట్లాడింది, మృతదేహం గురించి మాట్లాడలేదు. అంత్యక్రియల హక్కు సంప్రదాయం చేతిలోనే ఉండిపోయింది. అసాంటే సమాజంలో అంత్యక్రియలు కేవలం కర్మ కాదు. చందాలు, అప్పులు, హోదాలు, బంధుత్వాలు అన్నీ అందరి ముందు లెక్కకు వచ్చే రోజు అది. ఎవరు ముందు కూర్చుంటారో, ఎవరు ఖర్చు భరిస్తారో, మృతుడు ఎవరివాడో దానితో తేలిపోతుంది. ఆస్తిని చట్టానికి వదులుకున్న వంశం ఈ ఒక్కదాన్ని గట్టిగా పట్టుకోవటంలో ఆశ్చర్యం లేదు.

అప్పియా విషయంలో వంశం వెనుక ఉన్నది సామాన్య బలం కాదు. అతని సోదరి అసాంటే రాజు రెండవ ఓపోకు వారె భార్య. రాజే వంశం పక్షాన నిలవటంతో భార్యాపిల్లలు ఎదిరించవలసింది కుమాసిలో ఎవరూ ఎదిరించని శక్తిని. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. నిక్కచ్చి సంప్రదాయం ప్రకారం రాజు కూడా అప్పియా అబుసువాకు బయటివాడే. అతడు ఆ వంశపు ఆడపడుచు భర్త, పెగ్గీ ఆ వంశపు పురుషుని భార్య. వివాహం ద్వారా వచ్చిన ఇద్దరిలో ఒకరి మాట వంశపు మాట కావటం, మరొకరి మాట పరాయి మాట కావటం సంప్రదాయం చేసిన తేడా కాదు, సింహాసనం చేసిన తేడా. సంప్రదాయం పేరిట జరిగే వివాదాలలో సంప్రదాయం ఎంత, అధికారం ఎంత అన్నది వేరుచేసి చూడటానికి ఈ ఉదంతం మంచి ఆధారం.

ఒత్తిళ్ళ మధ్య భార్యాపిల్లలు వీలునామా మాటకే కట్టుబడ్డారు. అంత్యక్రియల ప్రార్థన మెథడిస్టు చర్చిలో జరిగింది. కొడుకు 1992లో ప్రచురించిన ‘ఇన్ మై ఫాదర్స్ హౌస్’ అనే గ్రంథం చివరి అధ్యాయంలో ఈ పోరాటమంతా నమోదైంది. ఆ శీర్షిక బైబిల్‌లోని యోహాను సువార్తను తలపిస్తుంది. తండ్రి ఇంటిలో అనేక నివాసాలున్నాయన్న భావం అక్కడిది. అసాంటే లెక్క తెలిసినవారికి అందులో మరొక ధ్వని వినబడుతుంది. తండ్రి ఇల్లు సంప్రదాయం ప్రకారం కొడుకు ఇల్లు కాదు.

భర్త మరణించాక పెగ్గీ ఇంగ్లండుకు తిరిగి వెళ్తుందని అనుకున్నవారు ఉన్నారు. ఆమె కుమాసిలోనే మరో పదహారేళ్ళు బతికింది. 2006 ఫిబ్రవరి 11న అక్కడే మరణించింది. ఆమెను భర్త సమాధి పక్కనే ఖననం చేశారు.